క్లిప్ష్ ఫోర్టే 4, రెండు ట్యూబ్ యాంపులు, ఒక అపార్ట్‌మెంట్ హాలు

మొదటి దెబ్బ డోలుతోనే తగిలింది. షేక్ చినమౌలానా గారి నాదస్వరం పెట్టుకుని, లైట్లు ఆర్పేసి, ఎదురుగా నా ట్యూబ్ యాంప్లిఫయర్‌లో 300బి వాల్వులు (ట్యూబ్ అన్నా వాల్వు అన్నా ఒకటే, పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు) నారింజ రంగులో వెలుగుతుంటే కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాను. ఆలాపన నడిచినంతసేపూ బ్రహ్మాండం. ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. కృతి మొదలై డోలు అందుకుందో లేదో నాదస్వరం గొంతు పట్టేసినట్టయింది, డోలేమో తోలు మీద కాక అట్టపెట్టె మీద కొట్టినట్టుంది, ఇంకాస్త వాల్యూమ్ పెంచితే అంతా కలగాపులగమై ముద్దయిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి "ఏమండీ, ఏమైనా కాలిపోతోందా?" అని అడిగింది.

కాలింది నా జేబే. అప్పటి నా స్పీకర్లు సన్నగా, పొడుగ్గా, పియానో నలుపులో మెరిసిపోయే టవర్లు. ధర ఇక్కడ రాయను, మా నాన్నకి ఇప్పటికీ అందులో మూడో వంతే చెప్పాను. కంపెనీ పేరూ రాయను, ఎందుకంటే తప్పు ఆ స్పీకర్లది కాదు. మంచి ట్రాన్సిస్టర్ యాంప్ తగిలిస్తే అవే స్పీకర్లు ఎలా పాడతాయో తర్వాత విన్నాను, వంక పెట్టలేం. తప్పు ముందూవెనకా చూడకుండా జత కట్టిన నాది, "సార్, ట్యూబ్ వాట్లు వేరు, ట్రాన్సిస్టర్ వాట్లు వేరు, ఎనిమిది అంటే ఎనభై అనుకోండి" అని నమ్మబలికిన షాపాయనది కొంచెం.

కాబట్టి ఇది క్లిప్ష్ ఫోర్టే 4 స్పీకర్ల రివ్యూ, వాటితో నేను నడిపిన రెండు యాంపుల రివ్యూ, మధ్యలో నా తెలివితక్కువతనం రివ్యూ. ట్యూబ్ యాంప్ కొనేసి స్పీకర్ల కోసం వెతుకుతున్నవాళ్లకి, లేదా దానికి తలకిందులుగా ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ట్యూబ్ పిచ్చి నాకు ఎక్కణ్ణుంచి పట్టిందంటే మా తాతగారి వాల్వు రేడియో నుంచి. స్విచ్ వేశాక అర నిమిషం ఏమీ వినపడదు, ముందు పచ్చకన్ను మెల్లగా తెరుచుకుంటుంది, ఆ తర్వాత విజయవాడ కేంద్రం దూరం నుంచి నడిచొచ్చినట్టు దగ్గరవుతుంది. ఆ పచ్చకన్నుని మ్యాజిక్ ఐ అంటారని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు ఆలోచించలేదుగానీ, ఆ రేడియోలో చివరి వాల్వు ఇచ్చేది మహా అయితే మూడు నాలుగు వాట్లు. అంతే కరెంటుతో వార్తలు వీధి చివరిదాకా వినపడేవి. ఎలా? దాని స్పీకర్ పల్చటి కాగితపు కోను, ఊదితే కదిలేంత తేలిక. వాట్లు తక్కువ కాబట్టి ఆ కొద్ది వాట్లకే మోగే స్పీకర్ పెట్టారు. ఇంత చిన్న సంగతి మా తాతగారి రేడియోలోనే ఉంటే, నేను లక్షలు పోసి నేర్చుకోవాల్సి వచ్చింది.

300బి వాల్వు పుట్టుక కూడా ఇలాంటిదే. 1938లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ తెచ్చింది, అమెరికాలో సినిమా హాళ్ల యాంపుల్లో వాడారు. ఒక్కో ఛానెల్‌కి, అంటే ఒక్కో వైపు స్పీకర్‌కి, ఒకే వాల్వు పెడితే వచ్చేది సుమారు 8 వాట్లు. ఆ కాసిన్ని వాట్లతో హాలు నింపారంటే తెర వెనక ఉన్నవి బూరలా విచ్చుకుని మనిషి దూరేంత ఉండే హార్న్ స్పీకర్లు. అదే వాల్వుని తెచ్చి నేను సన్నటి టవర్లకి కట్టాను. ఆ టవర్ల వంశం వేరు. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరబడని చిన్న పెట్టెలోంచే లోతైన బేస్ రప్పించే స్పీకర్ తెచ్చాడు, దానికి మూల్యం సెన్సిటివిటీ, అంటే అంతే శబ్దానికి ఎక్కువ కరెంటు కావాలి. ఆ తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకైపోయాయి కాబట్టి ఎవరికీ బాధ లేకపోయింది, పెట్టెలు సన్నబడుతూ పోయాయి.

లెక్క ఒకసారి వేసి చూపిస్తాను, ఇష్టం లేనివాళ్లు ఈ పేరా దాటేయండి. నా టవర్ల కాగితం మీద సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ (శబ్దం కొలత) అని ఉంది. బాగానే ఉందే అనుకున్నాను. దాని పక్కన చిన్న అక్షరాల్లో 2.83 వోల్టులు అని ఉంటుంది. 8 ఓముల (ఓములంటే కరెంటుకి స్పీకర్ చూపే అవరోధం) స్పీకర్‌కి 2.83 వోల్టులు ఇస్తే ఒక వాటు, కానీ నావి 4 ఓములవి, అంటే అది రెండు వాట్లు. కాబట్టి ఒక్క వాటుకి వచ్చేది 84 మాత్రమే. వాట్లు రెండింతలైనప్పుడల్లా 3 డెసిబెల్స్ పెరుగుతాయి, 8 వాట్లంటే మూడుసార్లు రెట్టింపు, అంటే 93, అదీ మీటరు దూరంలో. మూడు మీటర్ల దూరంలో సోఫాకి వచ్చేసరికి రెండు స్పీకర్లూ కలిపినా 90 దాటడం కష్టం. మనం మామూలుగా వినే సగటు 75, 78 ఉంటుంది, 90 చాలదా అనిపిస్తుంది. చాలదు. డోలు దెబ్బ, మృదంగం మీద గుమ్మనే దెబ్బ, వీణ తీగ మీటిన ఆ మొదటి క్షణం, ఇవన్నీ సగటు కన్నా 15, 20 డెసిబెల్స్ పైకి ఎగురుతాయి. అక్కడ యాంప్ దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలదు, శిఖరాలు నరికేస్తుంది. నేను విన్న అట్టపెట్టె చప్పుడు అదే. ట్యూబ్ యాంప్ నరికేటప్పుడు ట్రాన్సిస్టర్‌లా టక్కున కాకుండా మెత్తగా నరుకుతుంది కాబట్టి చెవి కొంత సర్దుకుంటుంది, షాపాయన మాటలో ఉన్న నిజం ఆ కాస్తే. ఎనిమిది ఎనభై అవ్వదు.

వాట్లు ఒక్కటే అయితే పెద్ద యాంప్ కొని పారేయొచ్చు. అసలు చిక్కు ఇంకోటి ఉంది, దీని గురించి షాపుల్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. స్పీకర్ ఓములు కాగితం మీద ఒక అంకె, కానీ నిజంగా అది శ్రుతిని బట్టి మారుతూనే ఉంటుంది. నా టవర్లు బేస్‌లో ఒకచోట 3 ఓములకి దిగి, మరోచోట 20కి ఎక్కేవి. ట్రాన్సిస్టర్ యాంప్‌కి ఇది పట్టదు. ఫీడ్‌బ్యాక్ (తన తప్పుని తనే సరిదిద్దుకునే ఏర్పాటు) లేని 300బి యాంప్‌కి మాత్రం తన సొంత అవరోధం రెండు మూడు ఓముల దాకా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, పైప్ సన్నగా ఉంటే కింది ఫ్లోర్ వాళ్లు కుళాయి తిప్పగానే మన షవర్ నీరసపడిపోతుంది చూడండి, అదే ఇది. ఓములు తగ్గి స్పీకర్ ఎక్కువ లాగినచోట శబ్దం తగ్గిపోతుంది, తక్కువ లాగినచోట పొంగుతుంది. 3 ఓముల దగ్గరికీ 20 ఓముల దగ్గరికీ మధ్య 4 డెసిబెల్స్ దాకా తేడా వచ్చేస్తుంది, అంటే ఎవరో టోన్ కంట్రోల్ తీసుకుని ఇష్టం వచ్చినట్టు తిప్పినట్టే. చిట్టిబాబు గారి వీణ కింది తీగల మీద ఒక స్వరం ఉబ్బిపోయి, పక్క స్వరం మాయమవడం నేను చాలాకాలం రికార్డింగ్ లోపం అనుకున్నాను. పాపం రికార్డింగ్.

ఇక విశాఖపట్నం కథ. మా మేనత్త కొడుకు, ఎంవీపీ కాలనీలో ఉంటాడు, ఫోర్టే 4లు కొని ట్రాన్సిస్టర్ యాంప్‌తో వింటున్నాడు. నా ఏడుపంతా ఫోన్లో విని "ఏరా, సంక్రాంతికి ఎలాగూ వస్తున్నావుగా, దాన్ని కూడా తీసుకురా" అన్నాడు. వాల్వులు పీకి వాటి డబ్బాల్లో పెట్టి, యాంప్‌ని మా ఆవిడ పాత నూలు చీరల్లో చుట్టి, కారు వెనక సీటుకి బెల్టు పెట్టి కట్టాను. దారి పొడవునా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నాకు టెన్షన్. మా అబ్బాయి ఆ ఆరువందల పైచిలుకు కిలోమీటర్లూ దాని పక్కన ఒదిగి కూర్చుని, అమ్మమ్మ వాళ్లింటికి వెళ్లాక "మా నాన్న నా కన్నా పెట్టెనే బాగా చూసుకుంటాడు" అని అందరికీ చెప్పాడు.

తగిలించాం. ముందు వినపడింది సంగీతం కాదు, గుయ్య్ మని హమ్. నా టవర్లతో ఈ హమ్ ఎప్పుడూ వినపడలేదు, ఎందుకంటే అవి మొద్దు. ఫోర్టేకి కంపెనీ చెప్పే సెన్సిటివిటీ 99 డెసిబెల్స్, పాటని ఎంత తేలిగ్గా వినిపిస్తుందో యాంప్‌లోని చెత్తని కూడా అంతే తేలిగ్గా వినిపిస్తుంది. సెన్సిటివ్ స్పీకర్లు కొనబోయేవాళ్లు ఇది రాసిపెట్టుకోండి, యాంప్‌ని ఇంటికి తెచ్చి పాట లేకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి వినకుండా డబ్బు కట్టొద్దు. నా యాంప్‌లో వాల్వుకొకటి చొప్పున హమ్ తగ్గించే చిన్న స్క్రూలు పైనే ఉన్నాయి కాబట్టి బతికిపోయాను, మల్టీమీటర్ స్పీకర్ తీగల మీద ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి ఒక్కో స్క్రూ వెంట్రుకవాసి తిప్పుతూ బాగా కిందికి తెచ్చాం. స్క్రూలు లోపలుంటే మాత్రం మూత తీయకండి. లోపల 400 వోల్టులకి పైనే ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో మిగిలే ఉంటుంది. తెలిసినవాళ్ల చేతే చేయించండి.

తర్వాత అదే చినమౌలానా. అదే కృతి. డోలు అందుకుంది, మా బావ సోఫాలోంచి కొంచెం ముందుకి జరిగాడు. ఇంతే రాస్తే చాలదుగానీ ఎలా రాయాలో తెలియడం లేదు. డోలుకి రెండు వైపులా రెండు రకాల చప్పుడు ఉంటుంది కదా, ఒకవైపు కర్రతో, ఇంకోవైపు వేళ్ల తొడుగులతో, ఆ రెండూ విడివిడిగా, ఎండిన తోలు బిగువుతో సహా వచ్చాయి. నాదస్వరం దాని వెనక నలగలేదు. యాంప్ వాల్యూమ్ చూస్తే గడియారంలో తొమ్మిది దగ్గర ఉంది. మా ఇంట్లో రెండు దాటించినా రానిది.

లెక్క చెప్పుకోవాలంటే, ఆ 99ని నేను పూర్తిగా నమ్మను. అది గది గోడల సాయం కూడా కలుపుకుని చెప్పే అంకె, ఆరుబయట కొలిస్తే మూడు నాలుగు తగ్గుతుందనే అనుకోండి. 95 అనుకున్నా నా టవర్ల 84 కన్నా 11 ఎక్కువ. అంటే అదే శబ్దానికి పన్నెండో వంతు వాట్లు చాలు. టవర్లతో అంతే మోత కావాలంటే నాకు 8 కాదు, వంద వాట్ల ట్యూబ్ యాంప్ కావాలి, దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు, కరెంటు బిల్లుకి ఇంకో జీతం.

హైదరాబాద్ తిరిగొచ్చాక టవర్లు అమ్మేసి ఫోర్టే 4 తెప్పించాను. ఇక స్పీకర్ సంగతి. పాల్ క్లిప్ష్ 1946లో అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని హోప్ అనే చిన్న ఊళ్లో కంపెనీ పెట్టాడు, గది మూలలో ఒదిగే ఆయన హార్న్ స్పీకర్ ఇప్పటికీ తయారవుతోంది. అప్పటి యాంపులు ఇచ్చేది కొద్ది వాట్లే కాబట్టి ఆయన స్పీకర్లన్నీ ఆ కొద్దిలోనే మోగేట్టు పుట్టాయి. ఫోర్టే మొదట వచ్చింది 1985లో, ఇది నాలుగో తరం. ఎత్తు నడుము దాకా, 95 సెంటీమీటర్లు, కానీ వెడల్పు 42, అంటే సన్నటి టవర్ కాదు, చిన్న బీరువా. ఒక్కోటి 33 కిలోలు. ముందు 12 అంగుళాల వూఫర్, అంటే బేస్ కోను, దాని పైన మధ్య శ్రుతులకి ఒక హార్న్, పై శ్రుతులకి ఒక హార్న్. వెనక 15 అంగుళాల పాసివ్ రేడియేటర్, అంటే తీగ లేని కోను, ముందు వూఫర్ తోసిన గాలికే కదులుతుంది. వెనక ఇంత పెద్దది ఊగుతోంది కాబట్టి గోడకి ఆనించి పెడితే బేస్ ఉబ్బిపోతుంది. మా హాల్లో మొదట అలాగే పెట్టాల్సి వచ్చింది, దారికి అడ్డమని మా ఆవిడ గోడకి నెట్టించింది. మృదంగం చెరువులో వాయించినట్టుంది. రెండు వారాలు రోజుకింత చొప్పున ఆమె చూడనప్పుడు ముందుకి జరుపుతూ పోయి, గోడకి రెండు జానల దూరంలో ఆపాను. ఆమె కనిపెట్టింది, కానీ అప్పటికే బాలమురళి గారి గొంతు హాలు మధ్యలో మనిషి ఎత్తున నిలబడి పాడుతోంది కాబట్టి ఊరుకుంది.

గది సంగతి తేలిగ్గా తీసుకోకండి. మన హాళ్లలో కింద విట్రిఫైడ్ టైల్స్, పైన ఫాల్స్ సీలింగ్, పక్కన గాజు తలుపు, చప్పట్లు కొడితే టంగుమని తిరిగొస్తుంది. హార్న్ స్పీకర్ మనవైపే గురిపెట్టి కొడుతుంది కాబట్టి పక్క గోడల బాధ మామూలు స్పీకర్ కన్నా తక్కువే, నేల బాధ మాత్రం తప్పదు. ముందు ఇంట్లో ఉన్న వరంగల్ జంపఖానా పరిచాను. అందంగా ఉంటుంది, కానీ పల్చటి నూలు కాబట్టి పెద్ద తేడా చెయ్యలేదు. తర్వాత ఏలూరు ఉన్ని తివాచీ ఒకటి, మా అత్తగారింట్లో అటక మీద చుట్టి పడేసి ఉన్నది, దులిపి తెచ్చాను. వయొలిన్ పై స్వరాల్లో ఉన్న కరుకుదనం సగం అక్కడే చచ్చింది. ఆ కరుకుదనానికి నేను అంతకుముందు వాల్వులు మార్చడానికి ఎంత తగలేశానో మా అత్తగారికి చెప్పలేదు.

హార్న్ గురించి భయపెట్టేవాళ్లు ఉంటారు, చెవుల్లో పొడుస్తుందని. సగం నిజం. చెడ్డ యాంప్‌తో, చెడ్డ రికార్డింగ్‌తో పొడుస్తుంది. ఈ స్పీకర్ దేన్నీ దాచదు. యాభైల నాటి ఘంటసాల గారి పద్యాలు మధ్య శ్రుతుల్లోనే ఉంటాయి, పైనా కిందా ఏమీ లేకపోయినా ఇందులో గుండెల్లోకి దిగిపోతాయి. ఈమధ్య పాటలు కొన్ని, శబ్దం అంతా ఒకే ఎత్తుకి నొక్కేసి చేసినవి, రెండో చరణానికే ఆపేయాలనిపిస్తుంది. ఇదివరకు నాకు అవి బాగానే ఉండేవి, ఇది లాభమో నష్టమో చెప్పలేను.

ఇక రెండో యాంప్ ఎందుకంటే, 300బితో ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, పిల్లలు సినిమా పాటలు పెట్టి గంతులేసినప్పుడు కింది బేస్ కొంచెం వదులుగా ఉంటుంది. శబ్దం చాలక కాదు. వూఫర్‌కి బ్రేకు వేసే పట్టు ఆ యాంప్‌లో తక్కువ, ఇందాక చెప్పిన సొంత అవరోధం వల్లే. అందుకని ప్రైమాలూనా ఈవో 100 తీసుకున్నాను, పాతది, ఒక పెద్దమనిషి వాడినది. ఛానెల్‌కి రెండు చొప్పున నాలుగు ఈఎల్34 వాల్వులు, 40 వాట్లు. వాల్వు మార్చినప్పుడల్లా బయాస్, అంటే వాల్వులో పారే కరెంటు, మనం సరిచెయ్యక్కర్లేదు, అదే చూసుకుంటుంది, మల్టీమీటర్ అంటే భయపడేవాళ్లకి ఇదొక్కటి చాలు. ఈఎల్34 తీసి కేటీ88 పెట్టినా ఒప్పుకుంటుంది, నేను పెట్టి చూశాను, బేస్ బిగుసుకుంది కానీ గొంతుల్లో తడి తగ్గింది, మళ్లీ ఈఎల్34కే వచ్చేశాను.

రెండింటికీ తేడా ఇలా చెప్పగలను. ప్రైమాలూనాతో ఫోర్టే అన్నీ వాయిస్తుంది. తబలా, డప్పులు, బేస్ గిటార్, పక్కింటివాళ్ల ఓపిక దాకా. వూఫర్ పట్టులో ఉంటుంది, పది మంది ఉన్న గదిలో కూడా నీరసపడదు. 300బి పెట్టగానే ఆ పట్టు కొంత పోతుంది, కానీ గొంతు చుట్టూ గాలి వస్తుంది. ఈమని శంకరశాస్త్రి గారి వీణలో ఒక్క మీటు మీద నాలుగైదు స్వరాలు గమకంతో లాగుతారు, మీటిన శబ్దం చచ్చిపోతూ చచ్చిపోతూ ఉన్నా స్వరం ఇంకా పైకి వెళుతూనే ఉంటుంది, ఆ చివరి కొస 300బిలో ఉన్నంతసేపు ఇంకెందులోనూ నిలవలేదు. రాత్రి పది తర్వాత, వీధి సద్దుమణిగాక, ఫ్యాను ఆపేస్తే.

ఫ్యాను ఆపడం దగ్గరే వస్తుంది తంటా. ప్రైమాలూనా లాంటి యాంప్ పాట ఉన్నా లేకపోయినా రెండు వందల వాట్లకి పైనే తింటుంది, అదంతా చివరికి వేడే. మే నెలలో మా హాల్లో అది పెట్టుకోవడం అంటే కుంపటి పక్కన కూర్చుని ఏసీ వేసుకోవడం, ఆ ఏసీ చప్పుడులో ఈమని గారి కొస వినపడదు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వానల దాకా నేను మధ్యాహ్నాలు ట్యూబ్ ముట్టను. జనవరిలో మాత్రం మా ఆవిడే "దాన్ని వెయ్యండి, చలేస్తోంది" అంటుంది.

కరెంటు సంగతి మన ఊళ్లకి ప్రత్యేకం. మా ఏరియాలో అర్ధరాత్రి దాటితే 250 వోల్టుల దాకా పోతుంది. 230కి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 250 వస్తే, వాల్వు లోపలి ఫిలమెంటుకి 6.3 వోల్టులు రావలసినచోట 6.8 దాటుతుంది. ఒకరోజుకి ఏమీ కాదు, రోజూ అయితే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. సర్వో స్టెబిలైజర్ పెట్టాక నిశ్చింతగా ఉంది. కరెంటు పోయి వెంటనే వస్తే వెంటనే ఆన్ చెయ్యొద్దు, వాల్వులు చల్లారనివ్వండి. ఇంకోటి, స్పీకర్ తీగ ఊడి ఉండగా ట్యూబ్ యాంప్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది, అది యాంప్‌లో అన్నిటికన్నా ఖరీదైన ముక్క. ఇల్లు తుడిచేటప్పుడు మాప్ తగిలి ఒకసారి మా ఎడమ స్పీకర్ తీగ ఊడింది, అదృష్టం బాగుండి ఆన్ చెయ్యకముందే చూశాను. అప్పట్నుంచి అరటిపండు ప్లగ్గులు, అదే బనానా ప్లగ్స్, పెట్టాను, గట్టిగా పట్టుకుంటాయి. యాంప్ మీది జాలీ కూడా తీయను. తీస్తే వాల్వులు అందంగా కనపడతాయి నిజమే, కానీ వెచ్చగా ఉందని బల్లులు వస్తాయి. ఎలా తెలుసో అడక్కండి.

ఓముల టెర్మినళ్ల గురించి చాలామంది అడుగుతారు. యాంప్ వెనక 4, 8 అని రెండుంటాయి. ఫోర్టే కాగితం మీద 8, కానీ నేను రెండూ విని 300బికి 4 దగ్గరే పెట్టాను. కొంచెం శబ్దం తగ్గుతుంది, బేస్ బిగుస్తుంది, ఇంత సెన్సిటివ్ స్పీకర్‌కి ఆ తగ్గడం లెక్కలోది కాదు. ప్రైమాలూనాకి 8. మీ గదిలో మీకు తిరగబడొచ్చు, అయిదు నిమిషాల పని, యాంప్ ఆపేసి మార్చుకుని వినండి.

వాల్వుల ఖర్చు గురించి అబద్ధం చెప్పను. పెద్ద వాల్వులు రెండు మూడు వేల గంటలు వస్తాయనుకోండి, రోజుకి రెండు గంటలు వినేవాడికి మూడు నాలుగేళ్లు. చిన్నవి ఇంకా చాలా ఎక్కువ వస్తాయి. ఒకప్పుడు బెంగళూరులో బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు వాల్వులు చేసేవారు, పాత రేడియో మెకానిక్‌ల దగ్గర ఆ డబ్బాలు ఇంకా కనపడతాయి. ఇప్పుడు మనకి దొరికేవి ఎక్కువగా స్లొవేకియాలోని జేజే, రష్యాలో సరాటోవ్ ఫ్యాక్టరీ నుంచి రకరకాల పేర్లతో వచ్చేవి, చైనావి. 2022 మార్చిలో రష్యా నుంచి వాల్వులు ఆగిపోతాయన్న వార్త రాగానే ధరలు ఎగిరిపడ్డాయి, నేను కూడా హడావుడిగా ఒక సెట్టు కొని అటక మీద పెట్టాను, ఇంకా విప్పలేదు. వందేళ్ల నాటి టెక్నాలజీ మీద మనసుపడ్డాక ఈ గండాలు ఉంటాయి.

వేరే స్పీకర్లు ఏమైనా ఉన్నాయా అంటే, గది పెద్దదైతే ఇదే కంపెనీ కార్న్‌వాల్ 4 ఉంది, 15 అంగుళాల వూఫర్, 102 డెసిబెల్స్ అంటారు, మా హాల్లో పెడితే మేం బాల్కనీలో ఉండాలి. చిన్న గదికి హెరెసీ 4 ఉంది, బేస్ అంత లోతుకి దిగదు. హార్న్ అస్సలు వద్దంటే డివోర్ ఒరాంగుటాన్ ఓ/96, 96 డెసిబెల్స్, 10 ఓములు, చిన్న ట్యూబ్ యాంపుల కోసమే చేసినట్టుంటుంది, ధర మాత్రం చూసి కూర్చోండి. పలకల్లా పల్చగా ఉండే ప్యానెల్ స్పీకర్లు, 4 ఓముల కింద తిరిగే పెద్ద టవర్లు మీ దగ్గర ఇప్పటికే ఉంటే 300బి వైపు చూడకండి, వాటికి బలమైన ట్రాన్సిస్టరే సుఖం, లేదా ఛానెల్‌కి వంద వాట్ల ట్యూబ్ దాకా వెళ్లాలి. కొనేముందు స్పీకర్ ఇంపిడెన్స్ గ్రాఫ్, అంటే ఓములు ఎక్కడ ఎంత ఉన్నాయో చూపే గీత, ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి, కొలిచి ప్రచురించే పత్రికలు ఉన్నాయి. గీత 5, 6 ఓముల కిందికి పెద్దగా దిగకుండా ఉంటే ట్యూబ్ యాంప్ ఊపిరి పీల్చుకుంటుంది.

ఫోర్టే 4కి, ప్రైమాలూనాకి కలిపి నేను పూర్తి మార్కులు వేస్తాను, అపార్ట్‌మెంట్‌లో ఉండి ఒక్క జతతో బతకాలనుకునేవాడికి ఇంతకన్నా చెప్పను. 300బి మాత్రం అవసరం కాదు, వ్యసనం.

నిన్న మా బావ ఫోన్ చేశాడు. ఉగాదికి హైదరాబాద్ వస్తున్నాడట, వెళ్లేటప్పుడు కారు వెనక సీటు ఖాళీగానే ఉంటుందట, పాత నూలు చీరలు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. మా ఆవిడ ఉన్నాయని చెప్పేసింది. జాలీకి తాళం వేసే మార్గం ఏమైనా ఉందేమో చూస్తున్నాను.